పచ్చి గొంతు

ఆ వేసవిలో మా ఇంట్లో ఫ్యాను తిరిగిన గంటల కంటే ఆగిన గంటలే ఎక్కువ. మైకు తెరిచి ఉన్నంతసేపూ ముందుగదిలో ఫ్యాను వెయ్యకూడదు, కిటికీ తియ్యకూడదు, వంటింట్లో కుక్కరు పెట్టకూడదు. గోడలకి దుప్పట్లు కట్టాం, తలుపుకి పాత పరుపు ఆనించాం. ఆ ఉక్కలో నిలబడి వదిన పాడేది. అన్నయ్య నేలమీద కూర్చుని తలాడించేవాడు. నేను మూల బల్ల దగ్గర హెడ్‌ఫోన్స్ తగిలించుకుని చెమటలు కక్కేదాన్ని. మా ఇంట్లో నోరు అన్నయ్యది, గొంతు వదినది, చెవులు నావి. ముగ్గురినీ కలిపి రుబ్బితే ఒక మనిషి తయారవుతాడని వదిన నవ్వేది.

అప్పటికే వదిన మెడ కింద గడ్డ బయటికి కనపడుతోంది. తియ్యకుండా కుదరదని డాక్టరు చెప్పాడు. గొంతుకి వెళ్లే నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందట. దానికేమీ కాకుండా తీస్తానని మాట ఇవ్వలేనన్నాడు. గొంతు ఉండొచ్చు, పోవచ్చు. ఎన్నాళ్లు ఆగొచ్చని అన్నయ్య అడిగితే, ఆరు వారాలు, అంతకు మించి ఒక్కరోజు కూడా వద్దన్నాడు.

పదిహేనేళ్లుగా వదిన పాడుతోంది కానీ ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకాలే. కోరస్‌లో నాలుగో మనిషి. పెద్ద గాయని ఆలస్యంగా వచ్చే రోజున వాయిద్యాలవాళ్ల కోసం పాట పాడి, ఆవిడ రాగానే పక్కకి తప్పుకునే మనిషి. తన పేరుతో ఒక్క పాట కూడా బయటికి రాలేదు. అన్నయ్య కట్టిన బాణీలు ఎనిమిది, ఎవరూ అడగనివి, ఒక నోటుపుస్తకంలో పడి ఉన్నాయి. డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చిన సాయంత్రం వదిన ఏడవలేదు. ఆ పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇవి పాడేస్తాను. తర్వాత గొంతు పోతే పోనీ. ఎక్కడో ఒకచోట అది ఉందని తెలిస్తే చాలు నాకు" అంది.

అన్నయ్య మర్నాడే వెళ్లి పాటలు విడుదల చేసే ఒక కంపెనీవాళ్లని ఒప్పించి వచ్చాడు. నోరున్నవాడు కదా. ఆరు వారాల్లో ఎనిమిది పాటలు పూర్తి కావాలి.

మొదటి పాట రికార్డు చేశాక వదినకి వినిపించాను. నేను గొంతుని ఉన్నదున్నట్టే పట్టుకుంటాను, దేనితోనూ కలపకుండా. ప్రతిధ్వని వేసినా మెరుగు పెట్టినా అన్నీ తర్వాతే. ఏమీ కలపని ఆ గొంతుని మా ఇంట్లో పచ్చి గొంతు అనేవాళ్లం. పాట తయారై బయటికి వెళ్లిపోయినా పచ్చి గొంతు మెషీన్‌లో విడిగా ఉంటుంది. రేపు మనసు మారితే మళ్లీ దాని దగ్గరికి వెళ్లి మొదలుపెట్టొచ్చు. ఇన్నేళ్లు ఇతరుల స్టూడియోల్లో పాడిందే గానీ వదిన తన పచ్చి గొంతు వినడం అదే మొదటిసారి. పాపం, ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఇదా నా గొంతు? గచ్చు మీద బిందె ఈడ్చినట్టుంది."

ఎవరి పచ్చి గొంతైనా అంతేనని చెప్పి, ఒక చిన్న గదిలో పాడితే ఎంత మోగుతుందో అంత ప్రతిధ్వని వేసి మళ్లీ వినిపించాను. ఇప్పుడు మనిషి గొంతులా ఉందంది. నేనేం వేశానో తెలుస్తోందా అని అడిగితే తెలియట్లేదంది. సరేనని తీసేశాను. "అయ్యో, ఏదో పోయింది" అంది వెంటనే.

నాకు పని నేర్పిన మాస్టారు చెప్పిన కొలత అదే. వేసినట్టు తెలియకూడదు, తీస్తే వెలితి తెలియాలి. కాటుక కంటికి పెట్టుకుంటారు గానీ బుగ్గలకి పూసుకోరు కదమ్మా అనేవాడు. ఇంకో అలవాటు కూడా ఆయనే చేశాడు. రోజంతా వింటుంటే చెవులు మొద్దుబారి, ఎంత వేసినా ఇంకా చాలదనిపిస్తుంది. అందుకని మర్నాడు పొద్దున్నే, ముఖం కడుక్కున్న వెంటనే, నిన్నటి పని విని, వేసినదాంట్లో మూడోవంతు తీసెయ్యాలి. పన్నెండేళ్లుగా అలాగే తీస్తున్నాను. తీసినందుకు ఒక్కసారి కూడా బాధపడలేదు.

రెండు వారాల్లో మూడు పాటలయ్యాయి. గడ్డ వల్ల వదినకి పైస్థాయి కష్టంగా ఉండేది. పైకి వెళ్లేచోట గొంతులో సన్నగా జీర పడేది. పదిసార్లు పాడి, దానితో కుస్తీ పట్టి, పదకొండోసారి అందుకునేది. అందుకున్నాక ఆ జీర కూడా స్వరంతో పాటే పైకి వెళ్లి నిలబడేది. నాకు అది ప్రాణం. ఒక మనిషి తన కాళ్ల మీద మెట్లెక్కి వచ్చిందని వింటుంటేనే తెలిసేది. అన్నయ్యకి మాత్రం మనసు ఆగేది కాదు. "కాస్త వెయ్యవే చెవులమ్మా, ఇంకొంచెం" అని ప్రతి పది నిమిషాలకీ అనేవాడు. చెవులమ్మ అంటే నేనే. నేను ఒక మీట మీద వేలు పెట్టి జరిపినట్టు నటించేదాన్ని. "ఆ, చూశావా, ఇప్పుడెంత బాగుందో" అనేవాడు. వదినా నేనూ ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోకుండా నవ్వు ఆపుకునేవాళ్లం.

మూడోవారం కంపెనీ ఆయన వచ్చాడు. మనిషి మంచివాడే. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది. చెప్పులు గుమ్మం బయటే విప్పి, వదిన ఆరోగ్యం అడిగి, మూడు పాటలూ ముందు ఫోన్‌లో, తర్వాత బయట తన కార్లో కూర్చుని విన్నాడు. తిరిగొచ్చి, గొంతు చాలా బాగుందని, కానీ మరీ పక్కింటావిడ పాడుకుంటున్నట్టుందని అన్నాడు. జనం ఇప్పుడు అలా వినడంలేదట. పెద్ద హాల్లో పాడినట్టుండాలట, మెరవాలట. పైస్థాయిలో ఆ జీర ఉంటే అరనిమిషంలో పాట మార్చేస్తారట. నేను ఏదో అనబోతే అన్నయ్య నా కాలు తొక్కాడు.

మర్నాడు ఆయన ఒక నల్లటి పెట్టె పంపించాడు. మైకు వైరు అందులోకి వెళ్తుంది. అది శ్రుతి తప్పిన చోట సరిచేసి, ప్రతిధ్వని కలిపి, మెరుగు పెట్టి, ఆ తయారైన గొంతుని ఇవతలికి పంపిస్తుంది. పాడేవాళ్లకి హెడ్‌ఫోన్స్‌లో వినపడేది కూడా ఆ తయారైన గొంతే.

పెట్టె మీద నాకు ద్వేషమేమీ లేదు. మంచి పనిముట్టు. ప్రతి మీటా పదోవంతు దగ్గర ఆపితే మంచి పనే చేస్తుంది. నేను అక్కడే ఆపాను. పైగా మైకు నుంచి వచ్చే వైరుని రెండుగా చీల్చి, ఒకటి పెట్టెలోకీ, ఇంకోటి నేరుగా నా మెషీన్‌లోకీ పెట్టుకున్నాను. పెట్టె ఎన్ని వేషాలు వేసినా పచ్చి గొంతు మాత్రం నా దగ్గర విడిగా, భద్రంగా ఉంటుందని ధైర్యం.

అయితే వదిన ఆ పెట్టె రుచి మరిగింది. మొదటిరోజు హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు విని, కళ్లు పెద్దవి చేసి, "నా గొంతు నాకే ముద్దొస్తోందే" అంది. గడ్డ సంగతి తెలిసినప్పట్నుంచీ ఆమె ముఖంలో ఒక బెదురు ఉండేది. ఆ పూట అది కనపడలేదు. ఇంకొంచెం పెట్టమని అడిగింది. అంతవరకూ ఆ మాట అన్నయ్యదే, వదిన ఎప్పుడూ అనలేదు. నాకు కాదనడానికి నోరు రాలేదు, పెట్టాను. మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం మూడోవంతు తగ్గించాను. వదిన పాట మధ్యలో ఆగి, "ఏదో తగ్గించావు కదూ" అంది. మళ్లీ పెట్టాను. ఆ మర్నాడు ఇంకొంచెం అడిగింది.

అలా రెండు పాటలు అయ్యేసరికి నాకు ఒక సంగతి తెలిసింది. పైస్థాయి దగ్గర వదిన కుస్తీ మానేసింది. సగందాకా వెళ్లి వదిలేస్తోంది. మిగతా సగం పెట్టె ఎక్కిస్తోంది, మెట్టు మీంచి మెట్టుకి చటుక్కున గెంతినట్టు. పదకొండుసార్లు పాడే మనిషి రెండోసారికే "చాల్లే, బాగానే వచ్చింది" అని నీళ్ల గ్లాసు అందుకుంటోంది. అలసిపోతోంది, అది నిజమే. రాత్రిళ్లు మెడ నొప్పితో నిద్రపోవడం లేదని కూడా నాకు తెలుసు. అయినా ఒళ్లు మండింది. గొంతు దాచుకుంటానని మొదలుపెట్టిన మనిషి ఆ గొంతే బయటికి తియ్యకపోతే ఇక దాచేదేమిటి?

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్యతో ఆ మాటే అన్నాను.

"ఇలాగైతే రికార్డులో వదిన ఉండదు. పెట్టె ఉంటుంది."

"అది సంతోషంగా పాడుకుంటుంటే నీకెందుకే కడుపుమంట? ఒంట్లో బాగాలేని మనిషిని పదకొండేసి సార్లు పాడించి ఏం సాధించావు?"

అక్కడితో ఆగలేదు. మొదటి మూడు పాటలూ పెట్టెతో మళ్లీ పాడించమని కంపెనీ ఆయన అన్నాడట, అన్నయ్య సరేనన్నాడట. నన్ను అడగను కూడా లేదు. పాతవే బాగున్నాయని, కావాలంటే విను అని, మొదటి పాట పచ్చి గొంతు పెట్టబోయాను. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పచ్చి గొంతులు ఇంకోసారి నాకు వినిపించకు. తీసిపారెయ్ అన్నీ. బాణీలు నావి, పాడేది అది. నువ్వు మీటలు నొక్కడానికి కూర్చున్నావు. నొక్కు."

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. నా తరఫున ఒక్క మాట అంటుందేమోనని ఆమె వైపు చూశాను. అనలేదు. నీళ్ల గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య మాటలు నాకు కొత్త కాదు, చిన్నప్పట్నుంచీ పడినవే. వదిన అలా లోపలికి వెళ్లిపోవడం మాత్రం తట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మెషీన్ ముందు కూర్చున్నాను. మూడు పాటల పచ్చి గొంతులు, పెట్టె వచ్చాక పాడిన రెండు పాటలవీ, మొత్తం ఐదూ వరసగా ఉన్నాయి. తీసెయ్యమంటావా అని మెషీన్ ఒకసారి అడిగింది. తీసేస్తే మళ్లీ రావు, నిజంగా తీసెయ్యమంటావా అని ఇంకోసారి అడిగింది. రెండుసార్లూ ఔనన్నాను. తర్వాత నా మెషీన్‌లోకి నేరుగా వచ్చే రెండో వైరు పీకేసి, చుట్టచుట్టి సొరుగులో పడేశాను. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నా జన్మలో అదొక్కసారే. అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది.

అప్పట్నుంచి నేను నోరెత్తలేదు. వదిన ఎంత అడిగితే అంత పెట్టాను. పొద్దున్నే లేచి మూడోవంతు తీసే పని మానేశాను. మొదటి మూడు పాటలూ మళ్లీ పాడించి, ఆ తర్వాత రెండు కొత్తవి పూర్తి చేశాం. ఆమె "ఎలా ఉంది" అంటే "బాగుంది" అనేదాన్ని, "ఇంకోసారి పాడనా" అంటే "నీ ఇష్టం" అనేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అన్నయ్య మీద కోపమంతా ఆమె మీద చూపించాను. వదినకి అర్థమైంది. రెండుసార్లు మజ్జిగ కలిపి తెచ్చి బల్ల పక్కన పెట్టింది, ఏదో అడగబోయి ఊరుకుంది. నేను తల తిప్పలేదు.

ఆపరేషన్ ఇంక రెండు రోజులుందనగా ఆఖరి పాట పెట్టుకున్నాం. అన్నయ్య కంపెనీ ఆయనతో మాట్లాడాలని ఫోను పట్టుకుని వీధి చివరికి వెళ్లాడు. గదిలో మేమిద్దరమే. ఆ పాట చివర ఒక పైస్వరం ఉంది, ఎనిమిది పాటల్లోకీ అదే పెద్దది. వదిన రెండుసార్లు పాడింది, రెండుసార్లూ అలవాటైనట్టే సగంలో వదిలేసింది. బాగానే ఉంది, ఇక చాలన్నాను. వదిన తలూపి, మళ్లీ ఏమనుకుందో, "ఒక్కసారి" అంది.

ఆ మూడోసారి పాట సగంలో ఉండగా చెవుల దగ్గర చెమట కారుతుంటే తుడుచుకుందామని హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాను. పెట్టె గొంతు ఆగిపోయి గదిలో గొంతు వినపడింది. మూడు వారాల తర్వాత వదిన పచ్చి గొంతు మళ్లీ వినడం అదే. చివరికొచ్చింది. పైకి ఎత్తుకుంది. జీర పడింది. వదల్లేదు. కళ్లు మూసుకుని, గోడకున్న దుప్పటి అంచు పిడికిలితో పట్టుకుని, ఆ జీరని కూడా లాక్కుంటూ పైకి వెళ్లింది. అందుకుంది. అందుకుని నిలబడింది, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు. తర్వాత మెల్లగా జారి దిగింది. పన్నెండేళ్లలో నేను అలాంటిది వినలేదు.

ఆమెకి అదేమీ తెలియదు. ఆమె చెవుల్లో ఉన్నది పెట్టె. అందుకున్నా అందుకోకపోయినా అందులో ఒక్కలాగే వినపడుతుంది. హెడ్‌ఫోన్స్ తీసి, మెడ మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు చూసింది.

"వచ్చిందా?" అంది.

"రాకపోతే మాత్రం ఏం? పెట్టె ఉందిగా" అన్నాను.

"అదీ నిజమే" అని, హెడ్‌ఫోన్స్ వైరు జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టి, ఫ్యాను వేసింది.

నేను చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. ఉండనీ, రేపు చెప్పొచ్చు అనుకున్నాను. రేపంతా ఆస్పత్రికి సంచీ సర్దడంలోనే పోయింది. ఆ మర్నాడు తెల్లవారకముందే ఆమెని తీసుకెళ్లాం.

గడ్డ నరాన్ని చుట్టుకుని ఉందని, నరాన్ని కూడా కొంత తియ్యాల్సి వచ్చిందని డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. మాట వస్తుంది, గుసగుసగా. పాట రాదు. అన్నయ్య ఆ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను ఇంటికి వచ్చి, ముందుగది తలుపు వేసుకుని, మెషీన్ పెట్టి వెతికాను. లేవని తెలిసీ వెతికాను. తర్వాత పెట్టె గొంతులోంచి పచ్చి గొంతు వెనక్కి లాగగలనేమోనని పదిరోజులు కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ప్రతిధ్వని తగ్గించబోతే గొంతు కూడా దాంతోపాటే గీసుకుపోయేది. పాలలో కలిసిన నీళ్లు ఎవరు తియ్యగలరు? ఎవరికీ చెప్పలేదు. వాయిద్యాలు కలిపి, పాటలు కంపెనీకి పంపించేశాను.

వానలు మొదలయ్యే వేళకి పాటలు బయటికి వచ్చాయి. కంపెనీ ఆయన మాటే నిజమైంది. ఆటోల్లో, క్షౌరశాలల్లో, బట్టల షాపుల్లో అవే. ఆఖరి పాట చివరి ముక్కకి పెదవులాడిస్తూ వీడియోలు తీసుకున్నారు జనం. ఆ గొంతు ఎవరిదని అడుగుతూ ఇంటికి ఫోన్లు వచ్చేవి. అన్నయ్యే ఎత్తి మాట్లాడేవాడు. వదిన పక్కనే కూర్చుని, కూరగాయలు తరుగుతూ వినేది. ఒకసారి ఆమెకే ఫోను ఇచ్చాడు, మర్చిపోయి. వదిన రెండు మాటలు గుసగుసలాడింది. అవతలి మనిషి, గాయనిగారికి ఇవ్వండమ్మా అన్నాడట. ఆమె ఫోను తిరిగి అన్నయ్యకి ఇచ్చేసింది.

ఇంతకుముందు వదిన దగ్గర నలుగురైదుగురు ఆడపిల్లలు పాట నేర్చుకునేవారు. వాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు. హార్మోనియం ఉంది కదా, చేత్తో చూపించొచ్చు అని వదినే రమ్మంది. పనిలో పడితే మనిషి కోలుకుంటుందని మేమూ సంతోషించాం. ఒకరోజు సాయంత్రం, బయట వాన పడుతుండగా, వాళ్లలో పెద్దమ్మాయి ఆ ఆఖరి పాట నేర్పమని అడిగింది. ముందే ఇంట్లో విని పాఠం చేసుకుని వచ్చింది. నేను లోపలిగదిలో పనిచేసుకుంటూ విన్నాను. చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి పెట్టె గెంతినట్టే చటుక్కున గెంతింది. ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే, ఆ గెంతు దగ్గర గొంతులో ఇనుము మోగినట్టుండే ఆ చప్పుడు కూడా తెచ్చింది.

వదిన ఆపింది. హార్మోనియం మీద చూపించింది. హార్మోనియం మెట్ల మీంచే పోతుంది, ఒక స్వరం మీంచి ఇంకోదానికి జారడం దానికి రాదు. చెయ్యి గాల్లో మెల్లగా ఎత్తి చూపించింది. ఆ అమ్మాయి ఆ చేతిని శ్రద్ధగా చూసి, మళ్లీ చటుక్కున గెంతింది. అలా నాలుగైదుసార్లయ్యాక వదిన లేచి నా గదికి వచ్చింది. అన్నయ్య అక్కడే కుర్చీలో కూర్చుని ఏదో కొత్త బాణీ రాసుకుంటున్నాడు. వదిన మాట వినపడాలంటే దగ్గరికి వంగాలి, ఇద్దరం వంగాం.

"ఆ పాటది నా పచ్చి గొంతు కాస్త పెట్టవే. ఆ పిల్లకి వినిపించాలి. ఎలా జారాలో చెప్పడానికి నా దగ్గర వేరే దారి లేదు."

అన్నయ్య నవ్వాడు. ఆపరేషన్ తర్వాత అన్నయ్య నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. "ఓస్, దానికేం భాగ్యం. మా చెవులమ్మ దగ్గర లేకపోవడమా? ముక్క పారెయ్యదు అది" అన్నాడు.

"లేవు" అన్నాను.

ఇద్దరూ నా ముఖం చూశారు.

"ఒక్కటి కూడా లేదు వదినా. పాతవి తీసేశాను. తర్వాతవి అసలు పట్టుకోలేదు."

"తీసేశావా? ఎవరు తియ్యమన్నారు?" అన్నాడు అన్నయ్య.

"నువ్వే."

అన్నయ్యకి గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. గుర్తొచ్చాక ముఖం రంగు మారింది. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"కోపంలో అన్నానే. నువ్వు తియ్యవని తెలుసు గనకే అన్నాను. నా మాట ఎప్పుడు విన్నావు నువ్వు?" అన్నాడు.

అన్నయ్య చేతిలో కాగితాలు కుర్చీలో పెట్టి, ఆ వానలోనే బయటికి వెళ్లిపోయాడు. ఆ వానాకాలం గడవకముందే నేను మెషీన్ సర్దుకుని వేరే గది చూసుకున్నాను. ఇప్పటికీ అన్నయ్యా నేనూ ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నానని అనుకుంటాం.

ఆ సాయంత్రం వదిన మాత్రం గదిలోంచి వెళ్లలేదు. అన్నయ్య లేచిన కుర్చీలోని కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టదేమని చూశాను. తిడితే బాగుండేది. నన్ను దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఆ చివర్న నేను అందుకున్నానా? పెట్టె సంగతి కాదు. నేను."

"అందుకున్నావు వదినా. ఆ మూడోసారి, నువ్వే అడిగి పాడావే, అప్పుడు. హెడ్‌ఫోన్స్ తీసి విన్నాను. ఏ సాయం లేకుండా అందుకున్నావు. నిలబడ్డావు కూడా. అలాంటిది నేను ఎక్కడా వినలేదు."

మాటలు ఎక్కువైపోయాయని నాకే తెలుస్తోంది. వదిన నా ముఖంలోకి చూసింది. ఆస్పత్రికి చూడ్డానికొచ్చి, నీకేం, నిక్షేపంలా ఉన్నావు అనేవాళ్లని రోగి చూస్తాడే, అలా చూసింది.

"ఆ రోజు అడిగితే ఇలా చెప్పలేదే" అంది.

నేను ఒట్టు పెట్టబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పోనీలే. నా మనసు కోసం చెప్పావు. మంచిదానివి" అని, నా చెంప మీద ఒకసారి తట్టి, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయింది.

నేను ఉన్నచోటే నిలబడి విన్నాను. హార్మోనియం మొదలైంది. ఆ అమ్మాయి పల్లవి అందుకుంది, చరణం పాడింది, చివరికొచ్చింది. చటుక్కున గెంతింది. వదిన ఈసారి ఆపలేదు.